దేవుడి గూట్లో ఆయిల్ మూత

ఎల్లస్వామికి లోకంలో ఇద్దరే గిట్టరు. ఒకడు రోడ్డు మీద తనను దాటి పోయేవాడు, రెండోవాడు తన సడ్డకుడు రాజేశ్. సడ్డకుడంటే భార్య చెల్లెలి మొగుడు. పుస్తకాల్లో ఈ వరసను తోడల్లుడు అంటారు. వీళ్ళిద్దరి మధ్య తోడు మాత్రం ఏనాడూ లేదు, ఒకరికొకరు గోతులు తోడుకోవడమే ఉండేది.

ఇద్దరూ కార్లు కిరాయికి నడిపేవాళ్ళే. పెద్దల్లుడిది పాత తెల్ల డీజిల్ కారు, చిన్నల్లుడిది ఎర్ర కారు. ఆ దసరాకు ఇద్దరూ పెళ్ళాం పిల్లలతో హాలియాలో అత్తగారింట్లో దిగారు. ఇద్దరి కన్నూ ఒకే పని మీద పడింది. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసర్లను తిప్పడానికి నెలవారీగా ఒక కారు కావాలి. ఒక్కటంటే ఒక్కటే. బండ్ల సంగతి చూసే మేనేజరు బెంజమిన్ దసరా రోజు పొద్దున పదింటికి కార్లు తెచ్చి చూపించమన్నాడు. సిమెంటు బట్టీకి పండుగల్లేవు, బెంజమిన్‌కు ఈ పండుగ లేదు.

ఎల్లస్వామికి ఈ పని ఎందుకంత కావాలో దసరాకు ముందురోజు, నవరాత్రుల తొమ్మిదోనాడు పొద్దున్నే, చాయ్ తాగే వేళ, మామ బక్కయ్య అందరి ముందరా తేల్చిచెప్పాడు. బక్కయ్యకు అరవై గొర్రెలున్నాయి. మాటలు మాత్రం రోజుకు ఆరుకు మించి లేవు. ఆ రోజు వారం కోటా మొత్తం పెద్దల్లుడి మీదే ఖర్చుపెట్టాడు.

"రెండు నెలల సంది నీ కారు వాకిట్ల కూసున్నది. గొర్రెను కట్టేస్తే ఎరువన్న వస్తది. గీ పండుగ దాటేలోపు పనికి కుదిరితే సరి. లేకుంటే కారమ్మి గొర్లు కొనుక్కో, నా ఎంబడి నడువు."

రాజేశ్ చాయ్ గ్లాసులోకి చూస్తూ నవ్వాడు. ఎల్లస్వామి పదిహేడో ఏట గొర్రెలనొదిలి స్టీరింగు పట్టినవాడు. నలభై నాలుగో ఏట మళ్ళీ గొంగడి భుజాన వేసుకుని కాలువ గట్టున మంద తోలుతుంటే, రాజేశ్ ఫ్యాక్టరీ కారులో వచ్చి మంద పక్కకు జరగమని హారన్ కొట్టడం అతని కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆ హారన్ చెవుల్లోనూ మోగింది.

సాయంత్రం కారును వాకిట్లో పెట్టి, బానెట్ లేపి, పాత ఆయిల్ దించి, కొత్త ఆయిల్ పోశాడు. పోసిన రంధ్రం మూత పక్కనే బ్యాటరీ మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారముంది. కూడు పెట్టే సామాను ఏదైనా సరే, తొమ్మిదోనాడు రాత్రి దేవుడి గూట్లో ఉండాలి. గొర్ల బొచ్చు కత్తిరించే కత్తెర, కొడవలి, తరాజు, అన్నీ బొట్టు పెట్టించుకుని కూర్చుంటాయి. పదకొండోనాడు పొద్దున కొబ్బరికాయ కొట్టాకే లేస్తాయి. అంతవరకూ ఎవరూ ముట్టరాదు. అల్లుళ్ళ కార్లు గుమ్మంలో పట్టవు కనుక అత్త రామమ్మ ఇద్దరినీ తాళంచెవులడిగింది. రాజేశ్ దగ్గర రెండో తాళంచెవి ఉంది, ఇచ్చాడు. ఎల్లస్వామి ఇవ్వలేదు. గూట్లో పెడితే రాజేశ్ దాచేస్తాడని అతని అనుమానం.

అనుమానానికి అత్త దగ్గర విరుగుడుంది. పసుపు కుంకుమ పళ్ళెంతో కారు దగ్గరికొచ్చిన రామమ్మకు బ్యాటరీ మీద నల్లటి మూత కనిపించింది. దాని మీద నూనె డబ్బా బొమ్మ ఉంది. ముక్కుతో, చివర చుక్కతో అది రామమ్మ కంటికి అచ్చం దీపం బుడ్డిలాగే ఉంది. దేవుడి సామానే అనుకుంది. మూత తీసి పళ్ళెంలో పెట్టుకుంది. వంటింట్లో మూత తెరిచిన గంజును అట్లా వదిలే అలవాటు లేదు కనుక బానెట్ దించి, దాని మీద బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. ఇంజను మూత తీసి ఇంజను మీద మూత పెట్టిన మనిషి తెలంగాణ మొత్తంలో ఆమె ఒక్కతే అయివుంటుంది.

ఎల్లస్వామి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి బానెట్ మూసి, దండ వేసి ఉంది. మూత తానే బిగించాననుకున్నాడు. పాతికేళ్ళుగా బిగిస్తున్న చెయ్యి కదా, ఈ ఒక్కరోజు బిగించలేదని మనసుకు తోచలేదు. లోపల మాంసం కూర వాసన కూడా గట్టిగానే ఉంది.

తెల్లారి ఆరున్నరకు, రాజేశ్ ఇంకా పళ్ళు తోముతుండగానే, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. మేళ్లచెరువుకు మెల్లగా పోతే కాదని తొక్కాడు. మిర్యాలగూడ దాటాక ఎర్ర కారు వెనక నుంచి వచ్చి, పొడుగాటి హారన్ కొట్టి, దాటిపోయింది. కిటికీలోంచి రాజేశ్ చెయ్యి ఊపాడు. ఎల్లస్వామి ఇంకా గట్టిగా తొక్కాడు.

నేరేడుచర్ల పొలిమేరలో ముందు వాసన వచ్చింది. మిరపకాయ బజ్జీల మూకుడు మాడిన వాసన. తర్వాత బానెట్ అంచుల నుంచి నీలం పొగ సన్నగా మొదలై, దండలోని బంతిపూలను దాటి, అద్దానికి ఎదురొచ్చింది. వెంటనే పక్కకు తీసి ఆపాడు. ఆ మాట అతని ఖాతాలో రాయాల్సిందే, ఒక్క గజం కూడా ఎక్కువ నడపలేదు.

చేతికి తువ్వాల చుట్టుకుని బానెట్ లేపాడు. ఇంజను నెత్తిన మూత లేదు. ఉండాల్సిన చోట రూపాయి బిళ్ళ కన్నా పెద్ద రంధ్రం నోరు తెరుచుకుని చూస్తోంది. దారి పొడుగునా ఆ నోట్లోంచి ఆయిల్ చిమ్మి ఇంజనంతా పడింది. పక్కన కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడ్డదల్లా పొగైంది. కారు కారుతోంది. కారణం కళ్ళ ముందే ఉంది. కారకుడెవరో మాత్రం ఎల్లస్వామి ముందే తేల్చుకున్నాడు. పొగకూ పగకూ మధ్య ఒత్వం ఒక్కటే తేడా, ఆ తేడా కూడా ఆ క్షణంలో చెరిగిపోయింది.

ఫోన్ తీశాడు.

"ఏం రా దొంగా. మూతెందుకు తీసినవ్ రా."

"ఏం మూతనే?" అన్నాడు రాజేశ్ అవతల నుంచి.

"ఇంజను మూత. రాత్రి తీసి దాసినవ్. నాకు పని దొరకద్దనే గద. గొర్ల దొంగ కన్న అధ్వానమైనవ్ గదరా."

రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర నలుగురు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు.  రాజేశ్ గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఆడ్నే ఉండు. వస్తున్న."

హుజూర్‌నగర్ దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు. పది గంటలకు బండి చూపించాల్సినవాడు వెనక్కి రావడం తెలివితక్కువే. కానీ గొర్రెలు కాచే ఇళ్ళల్లో దొంగ అనే మాటకు బరువెక్కువ. రెండు మందలు చెరువులో నీళ్ళ దగ్గర కలిసిపోతే, ఇది నీది ఇది నాది అని నోటి మాట మీదే విడదీసుకుంటారు. మాట పోయినవాడి మంద పక్కన ఎవడూ మంద ఆపడు.

ఎర్ర కారు వచ్చి ఆగింది. రాజేశ్ దిగి నాలుగు తలుపులూ డిక్కీ తెరిచిపెట్టాడు.

"ఎతుకు."

"ఎతుకుత. నాకేం భయమా."

"నీకెందుకుంటది అన్నా భయం. సిగ్గుంటేనే గద."

ఎల్లస్వామి నిజంగానే వెతికాడు. సీట్ల కింద చెయ్యి పెట్టాడు, డిక్కీలో స్టెప్నీ ఎత్తి చూశాడు, మరదలు చీరలున్న సంచి కూడా విప్పాడు. చాయ్ బండి దగ్గర నలుగురు ఎనిమిది మందయ్యారు. మూత దొరకలేదు. దొరక్కపోయేసరికి కోపం ఇంకా పెరిగింది.

"తొవ్వల పారేసినవ్."

"అవ్. సాగర్ కాలువల ఏసిన. మొసలి మింగింది. పోయి దాని మూతి తెరిచి అడుగు."

ఇట్లా ముప్పావు గంట నడిచింది. ఇంజనుకు మూత లేదు, వీళ్ళ మూతులకూ లేదు. చివరికి చాయ్ బండివాడే విసుగొచ్చి, ఎదురుగా ఉన్న మెకానిక్ గోపాల్ షెడ్డు చూపించాడు.

గోపాల్ షట్టర్ సగం లేపి కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద నట్లు విప్పే పానలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా కుంకుమ బొట్లతో, పూలతో ఉన్నాయి. ఎల్లస్వామి సంగతి చెప్పగానే రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"పానలు దేవుని కాడున్నయన్నా. రేపు కాయ కొట్టినంకనే ముట్టుకుంట."

"నోటికి పూజ చెయ్యలేదు గద. నోటితోనన్న చెప్పు."

"నోటితోని చెప్త. ముందుగాల ఇంజను సల్లారనియ్యి. నీళ్ళు గిట్ల పొయ్యకు, పగుల్తది. బొక్కల గుడ్డ కుక్కకు, లోపటికి గుంజుకుంటది, బయటికొస్తే అంటుకుంటది. సల్లారినంక పుల్ల తీసి ఆయిల్ ఎంతున్నదో చూడు."

ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే కింది గీతకు కూడా అందలేదు. ఇంకో పది మైళ్ళు నడిపి ఉంటే ఇంజను పట్టేసేదన్నాడు గోపాల్. పుల్ల పెట్టేవాళ్ళే గాని చూసేవాళ్ళు లేరని రాజేశ్ గోడకానుకుని అన్నాడు. అతనికి పదింటి పని గుర్తుంది. అయినా కదల్లేదు.

షెడ్డు వెనక ఒక పాత కారు చక్రాల్లేకుండా పడివుంది. "దాని మూత నీ బండికి పడ్తది. తీస్కో. తుక్కుకు దేవుడు లేడు," అన్నాడు గోపాల్.

ఎల్లస్వామి ఆ మూత విప్పి పట్టుకుని వస్తుండగా భార్య యాదలక్ష్మి ఫోన్ చేసింది. వాకిట్లో వెతకమని ఆమెకు అంతకుముందే చెప్పి ఉన్నాడు. చేతులు ఆయిల్‌తో ఉన్నాయని ఫోన్ బానెట్ అంచున పెట్టి స్పీకర్ నొక్కాడు. ఆ రోజు అతను చేసిన తప్పుల్లో అది చిన్నదేం కాదు.

"దొరికింది," అంది యాదలక్ష్మి.

"యాడ దాసిండు?"

"ఎవరు దాసిండ్రు? దేవుని గూట్ల ఉన్నది. గొర్ల కత్తెర పక్కన. అమ్మనే పెట్టిందట, ఇగో మాట్లాడు."

రామమ్మ గొంతు షెడ్డంతా వినిపించింది. "తాళంచెయ్యి అడుగుతె ఇయ్యకపోతివి బిడ్డా. అందుకే మూత పెట్టిన. దాని మీద దీపం బొమ్మున్నది."

"మరి చెప్పొద్దా అత్తమ్మా."

"పొద్దుగాల నువ్వు చెప్పి పోయినవా? లేసి చూస్తె కారు లేకపాయె."

"ఎవ్వలితోనన్న బిరాన పంపు."

"కాయ కొట్టందే ఎట్ల లేపుత? కత్తెరనే లేపం, నీ మూతనా," అని ఫోన్ కూతురికిచ్చేసింది.

రాజేశ్ గోడ నుంచి ముందుకొచ్చాడు. "ఇన్నవా. ఇగ అను."

"ఏమనాలె?"

"నువ్వు దొంగవు గాదు అను. గంతే. పోత."

"నువ్వు తియ్యలేదని తెలిసింది గద. మళ్ల అనుడెందుకు."

"దొంగ అన్నది నలుగుర్ల. గాదన్నది మనసులనా?"

ఎల్లస్వామి మూత బిగించసాగాడు. ఆ మూతను తిప్పినంత శ్రద్ధగా ప్రపంచంలో ఎవరూ ఏ మూతనూ తిప్పి ఉండరు. రాజేశ్ నిలబడి చూశాడు. తర్వాత కారెక్కి, ఈసారి హారన్ కొట్టకుండా వెళ్ళిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చి ఎల్లస్వామి ఆ మూత మళ్ళీ విప్పి, గోపాల్ చెప్పినట్టే ఆయిల్ పోసి బిగించి, పాత బనియన్లతో ఇంజనంతా తుడిచాడు. పదిన్నర దాటింది.

"ఎంత తుడిచినా గొట్టం సందుల్ల ఉన్న ఆయిల్ కాలిపోవాల్సిందే," అన్నాడు గోపాల్ చేతులు కట్టుకునే. "ముప్పై నలభై కిలోమీటర్లు నిమ్మలంగ నడుపు. పొగ తగ్గుకుంట పోతది, ఫికర్ చెయ్యకు. ఎక్కువైతే మాత్రం ఆపు."

నిమ్మళంగా నడపడానికి టైమేదీ. తొక్కుకుంటూ పోయాడు. పదకొండున్నరకు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరేసరికి పొగ తగ్గింది గాని పోలేదు. బానెట్ ఎడమ మూల నుంచి సన్నటి పాయ లేస్తూనే ఉంది.

గేటు పక్క ఖాళీ జాగాలో పదిమంది డ్రైవర్లున్నారు. ఎర్ర కారు నీడలో నిలబడి ఉంది. బెంజమిన్ పెద్ద మనిషి, గళ్ళ చొక్కా, జేబులో రెండు పెన్నులు. తెల్ల కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మా ఫ్యాక్టరీకి ఒక చిమ్నీ ఉన్నది. రెండోది కావాలని నేనడగలే."

డ్రైవర్లు నవ్వారు. ఎల్లస్వామి మూత కథ చెప్పాడు. దేవుడి గూడు దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు రెట్టింపైంది. బెంజమిన్ మాత్రం నవ్వలేదు.

"ఆయిల్ తాగే ఇంజనుకు, ఆయిల్ కారిన ఇంజనుకు పొగ ఒక్కతీర్గనే ఉంటది. నీది ఏదో నాకెట్ల తెల్వాలె? నీ మాటకు జామీనెవరు?"

ఎల్లస్వామి ఎర్ర కారు వైపు చూశాడు. చూడక తప్పలేదు. బెంజమిన్ కూడా అటే చూశాడు. "ఏమయ్యా, నువ్వు ఈయన సడ్డకునివంట గద. మూత ముచ్చట నిజమేనా?"

"నేను చెప్తె చెల్లుతదా సార్," అన్నాడు రాజేశ్. "నేను దొంగనట. నేరేడుచర్లల నా కారు సోదా చేసిండు, నా పెండ్లాం చీరలు రోడ్డు మీద విప్పిండు. దొంగసాక్ష్యం మీకెందుకు?"

నవ్వులు ఆగిపోయాయి. బెంజమిన్ గడియారం చూసుకున్నాడు.

"ఎల్లస్వామీ, నీకు పాతికేండ్ల సర్వీసున్నది. నాకు నువ్వే కావాలె. మధ్యాహ్నం రెండింటికి పేరు రాస్త. అప్పటికి పొగ లేకుండ బండి తీస్కరా, ఈయనతోని నిజమని చెప్పియ్యి. రెండిట్ల ఏది లేకున్నా ఈయన పేరు రాస్త."

బెంజమిన్ లోపలికి పోయాక రాజేశ్ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించలేదు, పదిమందికీ వినాలనే అన్నాడు.

"గీ పని పోతే నాకు ఇంకో పని దొరుకుతది. దొంగన్న పేరుంటే ఏడికి పోను. వీళ్ళందరి ముంగట ఒక్కసారి గాదు అను. సార్‌కు నేను ఉన్నదున్నట్టు చెప్త. పొగ చూడంగనే ఆపినవని సుత చెప్త. పని నువ్వే తీస్కో."

"నువ్వు నాకు పని బిచ్చమేస్తవా?"

"నేను బిచ్చం ఏస్తలేనన్నా. అడుగుతున్న."

ఎల్లస్వామి కారెక్కి తలుపు వేసుకున్నాడు.

హుజూర్‌నగర్ రోడ్డు మీద ఈసారి నలభై దాటకుండా నడిపాడు. గోపాల్ నోటి రిపేరు పనిచేసింది. మొదటి పది కిలోమీటర్లకు పాయ దారమైంది, ఆ తర్వాత దారం ఉందో లేదో తెలియకుండా పోయింది. ఊరి మొదట్లో ఆపి బానెట్ లేపి, గొట్టం మీదికి వంగి చూశాడు. ఆవిరి కూడా లేదు. తుక్కు మూత బిగువుగా కూర్చుంది, చుట్టూ ఒక్క చుక్క తడి లేదు. ఇంజను ఖాళీ గిన్నెలా లొడలొడలాడకుండా మెత్తగా ఆడుతోంది. టైము ఒంటిగంట.

యాదలక్ష్మి ఫోన్ చేసింది.

"పొగ పోయిందా?"

"పోయింది."

"మరి బిరాన తిరుగు. రెండింటిదాక టైమిచ్చిండంట గద. చెల్లె చెప్పింది."

"ఆడు చెప్పిండా మీ చెల్లెకు?"

"చెప్తడు. ఆమె మొగుడు ఆమెకు చెప్తడు, నా మొగుడే నాకు ఏం చెప్పడు. మూడు మాటలంట. నువ్వు దొంగవు గాదు. గంతే గద."

ఎల్లస్వామి తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

"నా పెండ్లయినకాడికెల్లి నన్ను మూడు లక్షల మాటలన్నవ్. గా మూడు రావా నోటికి?"

"నిన్నన్నవి వేరు."

"అవ్, వేరే. నేను పడ్డ. ఆయన పడడు." "ఆయన చెప్పింది నిజమేనాయే. నువ్వన్నది అబద్ధమాయే. నిజమనెటందుకు ఏమైతదయ్యా నీకు?"

"పదిమందిల అనాల్నట."

"పదిమందిలనే తిట్టినవ్ గద."

లారీ ఒకటి సిమెంటు బస్తాలతో దుమ్ము లేపుకుంటూ పోయింది. ఎల్లస్వామి బానెట్ దించాడు. వాడిపోయిన దండ జారి రోడ్డు మీద పడింది, తీయలేదు.

"బాపు పక్కనే ఉన్నడు," అంది యాదలక్ష్మి. "ఏమని చెప్పాల్నో చెప్పు, చెప్త."

మేళ్లచెరువు ఇరవై నిమిషాలు, హాలియా రెండు గంటలు. ఎల్లస్వామి రెండు వైపులా చూశాడు. ఎర్ర కారు పక్కన నిలబడి ఎదురుచూస్తున్న రాజేశ్ మొహం గుర్తొచ్చింది. ఆ మొహంలో నవ్వు ఉండదని తెలుసు. ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. నవ్వేవాడైతే కసికొద్దీ పోయి అనేసి, పని లాక్కుని వచ్చేవాడు.

"రేపు పొద్దుగాల ఎన్నిటికి తోల్కపోతడో అడుగు," అన్నాడు.

"ఎవరిని?"

"గొర్లను."

యాదలక్ష్మి అడిగింది. అవతల బక్కయ్య గొంతు ఆ రోజు లెక్కలో ఒకే ఒక్క మాట వాడుకుంది.

"అయిదుకట," అంది యాదలక్ష్మి, ఫోన్ పెట్టేసింది.

ఎల్లస్వామి కారును హాలియా వైపు తిప్పాడు. వెనకా ముందూ రోడ్డు ఖాళీగా, పొగ జాడ లేకుండా ఉంది.